నిండిన గాదె

నేను కొవ్వు కణాన్ని. విజయవాడలో బ్యాంకు ఉద్యోగం చేసే ఒకావిడ బొడ్డు పక్కన, చర్మం కిందే నా నివాసం. నా లోపల చూస్తే దాదాపు అంతా ఒకే ఒక్క నూనె బొట్టు. కేంద్రకం సహా మిగిలినవన్నీ దానికి చోటిచ్చి అంచున ఒదిగి ఉంటాయి.

ఆమె భోంచేయగానే క్లోమం ఇన్సులిన్‌ను వదులుతుంది. ఆ కబురు అందగానే నేను రక్తంలోని గ్లూకోజును లోపలికి తీసుకుంటాను. పక్కనున్న సన్నని రక్తనాళాల గోడల మీద లైపోప్రొటీన్ లైపేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. రక్తంలో కొట్టుకొచ్చే కొవ్వును విడగొట్టి, ఆ కొవ్వు ఆమ్లాలను నాకు అందిస్తుంది. ఒక్కో గ్లిజరాల్‌కు మూడేసి ఆమ్లాలను అతికించి ట్రైగ్లిజరైడ్‌గా దాచుకుంటాను. ఒక గ్రాములో 9 కిలోకేలరీల శక్తి పడుతుంది, పిండిపదార్థంలో పట్టేది 4 మాత్రమే. కరువు కాలాల్ని దాటి వచ్చిన మనిషికి ఇంతకు మించిన గాదె లేదు.

దాచడమే నా పని అనుకుంటారు. ఇవ్వడం కూడా నా పనే. ఏకాదశినాడు ఆమె ఉపవాసం ఉంటే ఇన్సులిన్ తగ్గుతుంది, నరాల నుంచి నార్‌అడ్రినలిన్ వస్తుంది. నూనె బొట్టుకు కాపలాగా ఉన్న పెరిలిపిన్ అనే ప్రొటీన్ పక్కకు తప్పుకుంటుంది. అప్పుడు మూడు ఎంజైమ్‌లు వరుసగా దిగి, ట్రైగ్లిజరైడ్ నుంచి ఒక్కొక్క ఆమ్లాన్నీ ఊడదీస్తాయి. ఆ ఆమ్లాలు రక్తంలో ఆల్బుమిన్‌ను పట్టుకుని గుండెకీ కండరాలకీ చేరతాయి. గ్లిజరాల్ కాలేయానికి వెళ్లి గ్లూకోజుగా మారుతుంది. ఆ పూట ఆమె గుండె ఎక్కువగా నేను పంపిన కొవ్వుతోనే కొట్టుకుంటుంది. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ గర్వమే.

నాలోని కొవ్వు ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉండదు. 1950లు, 60ల్లో అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14 ఆధారంగా స్వీడన్ శాస్త్రజ్ఞులు 2011లో లెక్కగట్టారు: ఒక కొవ్వు అణువు నాలో ఉండేది సగటున 1.6 సంవత్సరాలు. స్థూలకాయంలో వచ్చి చేరేది పెరుగుతుంది, బయటికి వెళ్లేది తగ్గుతుంది.

నాకూ అదే జరిగింది. ఉబ్బీ ఉబ్బీ ఆక్సిజన్ చాలని స్థితికి వచ్చాను. చుట్టుపక్కల కొన్ని కణాలు చచ్చిపోయాయి. వాటి శిథిలాలను శుభ్రం చేయడానికి మాక్రోఫేజ్ అనే రక్షణ కణాలు వలయాలుగా చేరాయి. అవి విడుదల చేసే టీఎన్‌ఎఫ్-ఆల్ఫా వంటి రసాయనాలతో ఇన్సులిన్ మాట నాకు సరిగ్గా వినిపించడం మానేసింది. భోజనం అయ్యాక కొవ్వు వదలడం ఆపాలి, ఆపలేకపోతున్నాను. అవసరం వచ్చి నార్‌అడ్రినలిన్ అడిగినప్పుడు ఇవ్వాలి, చాలినంత ఇవ్వలేకపోతున్నాను. నా నుంచి కారిపోయిన కొవ్వు కాలేయంలోనూ కండరాల్లోనూ పేరుకుంటోంది. మధుమేహానికి దారి పడేది అక్కడే.

కొవ్వు కణాలే లేకపోతే పీడా పోయేదనేవాళ్లకు ఒక్క మాట చెప్పాలి. పుట్టుకతోనే మేం దాదాపు లేని మనుషులున్నారు. చూడ్డానికి బక్కగా, కండలు తేలి ఉంటారు. దాచుకునే చోటు లేక వాళ్ల కొవ్వంతా కాలేయంలో చేరుతుంది, చిన్న వయసులోనే తీవ్రమైన మధుమేహం వస్తుంది.

తూకం యంత్రం కూడా నా గురించి పూర్తి నిజం చెప్పదు. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ కలిసి దిగిన ఫొటో 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఎత్తును బట్టి బరువును కొలిచే బీఎంఐ ఇద్దరికీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యాజ్ఞిక్‌కు 21.2 శాతం, యుడ్కిన్‌కు 9.1 శాతం.

ఈ మధ్య ఆమె రోజూ కృష్ణ ఒడ్డున నడుస్తోంది, రాత్రి అన్నం తగ్గించింది. నేను చిక్కుతున్నాను, కానీ పోవడం లేదు. పెద్దవాళ్లలో మా సంఖ్య బరువు తగ్గినా దాదాపు అలాగే ఉంటుంది. ఏటా పదింట ఒక వంతు చనిపోతే, అంతే మంది కొత్తగా పుడతారు. చిక్కినకొద్దీ నేను మెదడుకు పంపే లెప్టిన్ అనే కబురు తగ్గుతోంది. మెదడు దాన్ని కరువుగా తీసుకుని ఆమెకు ఆకలి పెంచుతోంది. మనసు గట్టిది కాదని ఇంట్లో వాళ్లు ఆమెనే అంటున్నారు. ఆ ఆకలి వెనక ఉన్నది నేను పంపని కబురు.