చలవీణ ఆత్మకథ

భరతుడి నాట్యశాస్త్రం 28వ అధ్యాయం రెండు వీణలను పక్కపక్కన పెట్టమంటుంది. రెండింటి కొలతలూ ఒకటే, తీగలూ ఒకటే, శ్రుతి కూడా ఒకటే. వాటిలో ఒకటి, మొదట ఏ స్వరాలకు శ్రుతి చేశారో చివరిదాకా వాటి మీదే నిలబడుతుంది. రెండోదాన్ని నాలుగు విడతలుగా దించుతూ పోతారు. నిలబడేది ధ్రువవీణ, దిగేది చలవీణ అని తర్వాతి శాస్త్రకారులు పేర్లు స్థిరపరిచారు. ఈ ఆత్మకథ చలవీణది. శాస్త్రంలో పుట్టింది కాబట్టి, తన సంగతి తాను చెప్పుకునేటప్పుడు కూడా శాస్త్రం చెప్పే ధోరణినే అది ఎంచుకుంది.

చలవీణకు ఇప్పటి వీణ రూపం లేదు. ఆ కాలపు వీణ విల్లులా వంగిన వాద్యం. దానికి మెట్లు లేవు, ఒక్కో తీగ ఒక్కో స్వరం పలుకుతుంది. ఏడు తీగల చిత్రవీణను వేళ్లతో, తొమ్మిది తీగల విపంచిని కోణం అనే మీటే సాధనంతో వాయించేవారు. అలాంటి వాద్యం మీద స్వరం మారాలంటే తీగను బిగించాలి, లేదా సడలించాలి. ఎంత సడలిస్తే ఏ స్వరం ఎక్కడికి దిగుతుందో చెవితో తేల్చుకోవచ్చు. చలవీణ కొలత సాధనం అయింది ఇందువల్లే.

కొలవాల్సింది శ్రుతిని. స్థాయిలో 22 శ్రుతులు ఉన్నాయని భరతుడి లెక్క. షడ్జగ్రామం అనే మూల స్వరక్రమంలో షడ్జమానికి 4, రిషభానికి 3, గాంధారానికి 2, మధ్యమానికి 4, పంచమానికి 4, ధైవతానికి 3, నిషాదానికి 2. అయితే ఒక్క శ్రుతి అంటే ఎంత? తీగ పొడవు ఇంత ఉండాలని భరతుడు చెప్పలేదు, నిష్పత్తీ ఇవ్వలేదు. ఆయన ఇచ్చిన ఆధారం సంవాదం ఒక్కటే. 9 లేదా 13 శ్రుతుల దూరంలో ఉన్న రెండు స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి వినిపిస్తాయి. నేటి భాషలో 13 శ్రుతులంటే 3/2 నిష్పత్తి, 9 శ్రుతులంటే 4/3. ఇక్కడినుంచి వచ్చే అంకెలన్నీ ఈ రెండు సంవాదాలతో పాటు మధ్యమ ధైవతాల మధ్య 5/4 నిష్పత్తినీ శుద్ధంగా తీసుకుని ఇప్పటివారు కట్టిన లెక్కలు.

షడ్జమం సెకనుకు 240 కంపనాలు అనుకుంటే, రెండు వీణల మీదా రిషభం 266.67, గాంధారం 284.44, మధ్యమం 320, పంచమం 360, ధైవతం 400, నిషాదం 426.67. సుమారుగా నేటి ఖరహరప్రియ స్వరాలివి. అయితే రిషభం కాస్త తక్కువలో, 10/9 దగ్గర ఉంది. దానివల్ల రిషభ పంచమాల మధ్య 10 శ్రుతుల దూరం వచ్చింది. నిష్పత్తి 27/20. ఆ రెండు తీగలూ కలిపి మీటితే పొసగవు.

మొదటి విడతలో వైణికుడు చలవీణ పంచమం తీగను మెల్లగా సడలిస్తాడు. రిషభంతో కలిపి మీటుతూ, ఇంకాస్త సడలిస్తూ పోతే ఒకచోట గరుకు పోయి రెండూ కలుస్తాయి. అప్పుడు పంచమం 355.56 దగ్గర ఉంటుంది. రిషభం నుంచి సరిగ్గా 4/3. రెండో మూల స్వరక్రమమైన మధ్యమగ్రామపు పంచమం ఇదే. 360 నుంచి ఇక్కడికి దిగిన దూరాన్ని భరతుడు ప్రమాణ శ్రుతి అన్నాడు. ధ్రువవీణ పంచమాన్నీ దీన్నీ ఒకేసారి మీటితే నాదం సెకనుకు నాలుగుసార్లకు పైగా ఎగసి తగ్గుతుంది. తేడా అంత చిన్నది, అంత స్పష్టమైనది కూడా. తర్వాత మిగిలిన ఆరు తీగలనూ అంతే మేర దించి, ఈ కొత్త పంచమం మళ్లీ షడ్జగ్రామపు పంచమమే అయ్యేలా సర్దుతారు. షడ్జమం 237.04కు వస్తుంది. ఈ దశలో చలవీణ మీది ఏ స్వరమూ ధ్రువవీణ మీది ఏ స్వరంతోనూ కలవదు.

రెండో విడతలో గురి కుదురుతుంది. చలవీణ గాంధారం ధ్రువవీణ రిషభంలోనూ, నిషాదం ధైవతంలోనూ కలిసేదాకా తీగలన్నిటినీ దించుతారు. షడ్జమం 225. మూడో విడతలో రిషభం వెళ్లి షడ్జమంలో, ధైవతం వెళ్లి పంచమంలో కలుస్తాయి. షడ్జమం 216. నాలుగో విడతలో పంచమం మధ్యమంలో, మధ్యమం గాంధారంలో, షడ్జమం నిషాదంలో కలుస్తాయి. చలవీణ షడ్జమం 213.33 దగ్గర ఆగుతుంది. రెండేసి శ్రుతులవి రెండు స్వరాలు, మూడేసివి రెండు, నాలుగేసివి మూడు. 4, 6, 12 కలిపితే 22. భరతుడి లెక్క తేలింది.

చలవీణ జీవితంలో ఇంతకంటే విలువైన ఘట్టం లేదు. దిగిన నాలుగు దూరాలనూ నిష్పత్తులుగా రాస్తే మొదటిది 81/80, రెండోది 256/243, మూడోది 25/24, నాలుగోది మళ్లీ 81/80. స్థాయిని 1200 సెంట్లుగా భాగించే పద్ధతిని అలెగ్జాండర్ ఎల్లిస్ 1885లో ప్రచారంలోకి తెచ్చాడు. ఆ కొలతలో ఇవి దాదాపు 22, 90, 71, 22 సెంట్లు. శ్రుతులన్నీ సమానం కావని దీన్నిబట్టి తేలుతుంది. సమానమే అనే పక్షమూ బలంగానే ఉంది, వారికి సంప్రదాయంలో ఆధారాలూ ఉన్నాయి. కానీ 22 సమాన భాగాలు చేస్తే 13 శ్రుతుల పంచమం 360 దగ్గర కాక దాదాపు 361.5 దగ్గర పడుతుంది. షడ్జమపు మూడో అనుస్వరం (హార్మోనిక్) 720, ఈ పంచమపు రెండో అనుస్వరం 723. సెకనుకు మూడు అలలు వినిపించే చోట సంవాదం కుదిరిందని తన తీగలను శ్రుతి చేసిన ఏ చెవీ ఒప్పుకునేది కాదని చలవీణ నమ్మకం.

కొలత తర్వాత వచ్చింది పేర్ల కాలం. దేవగిరి యాదవరాజు సింఘణుడి ఆస్థానంలో ఉన్న శార్ఙ్గదేవుడు 13వ శతాబ్దంలో సంగీతరత్నాకరం రాస్తూ రెండు వీణలకూ 22 తీగల చొప్పున కట్టించాడు. అందులో ప్రతి శ్రుతికీ పేరుంది. తీవ్ర, కుముద్వతి, మంద, ఛందోవతి షడ్జమానివి. క్షితి, రక్త, సందీపని, ఆలాపిని పంచమానివి. షడ్జగ్రామపు పంచమం ఆలాపిని మీద, మధ్యమగ్రామపు పంచమం సందీపని మీద నిలుస్తాయి. ఈ గ్రంథానికి రాచకొండ రేచర్ల సింహభూపాలుడు 14వ శతాబ్దంలో, విజయనగరంలో కల్లినాథుడు 15వ శతాబ్దంలో వ్యాఖ్యలు రాశారు. చలవీణ కథ తెలుగు నేలకు చేరిన దారుల్లో ఇవి ముఖ్యమైనవి. ఈ పేర్లు అందమైనవే, గుర్తుంచుకోవడానికీ అనువైనవే. కానీ రిషభపు శ్రుతులైన రంజనికీ రక్తికకూ మధ్య ఎంత దూరమో పేరు చూసి చెప్పలేం. పేరు శ్రుతి స్థానాన్ని చూపుతుంది, పరిమాణాన్ని చూపదు.

1550లో రామామాత్యుడు విజయనగరంలో స్వరమేళకళానిధి రాసేనాటికి వీణ మీద మెట్లు స్థిరపడ్డాయి. మధ్యమగ్రామం వాడుక నుంచి తప్పుకుంది. తీగ తర్వాత తీగను దించే అవసరం పోయింది. మెట్టు మీద తీగను పక్కకు లాగి మధ్యలోని నాదాన్ని పలికించే పని వైణికుడి వేలు తీసుకుంది. 17వ శతాబ్దంలో తంజావూరులో వేంకటమఖి, ర, రి, రు, గ, గి, గు, మ, మి, ధ, ధి, ధు, న, ని, ను అనే అక్షరాలతో స్వరభేదాలను చూపించాడు. అచ్చు మారితే స్వరస్థానం మారుతుంది. తెలుగు గుణింతం వచ్చినవారికి ఇంతకంటే తేలికైన పద్ధతి లేదు. అయితే ఇందులో ఉన్నవి పన్నెండు మెట్లు, స, ప కలుపుకుని వాటికి పదహారు పేర్లు. రు, గి ఒకే మెట్టు మీద ఉంటాయి. దానికంటే చిన్న తేడాలకు ఈ పద్ధతిలో గుర్తులు లేవు.

పడమటి దేశాల్లో శుద్ధ నిష్పత్తుల సంగీతం రాసినవారికి సరిగ్గా ఆ చిన్న తేడాలే కావాల్సి వచ్చాయి. అమెరికా స్వరకర్త బెన్ జాన్‌స్టన్ 81/80 పెంచడానికి ప్లస్, తగ్గించడానికి మైనస్ పెట్టాడు. ఆయన షార్ప్ గుర్తు 25/24 పెంచుతుంది. ఈ శతాబ్దం మొదట్లో మార్క్ సబాట్, వోల్ఫ్‌గాంగ్ ఫాన్ ష్వైనిట్స్ రూపొందించిన లిపిలో మామూలు గుర్తులు వరుస 3/2లను చూపితే, వాటికి తగిలించిన చిన్న బాణం 81/80ని చూపుతుంది. చలవీణ మొదటి, మూడో, నాలుగో విడతల్లో దిగిన దూరాలకు ఇలా కాగితం మీద గుర్తులు దొరికాయి. జాన్‌స్టన్ లిపిలో డి, ఎ స్వరాల మధ్య 40/27 ఉంటుంది. శుద్ధంగా కలవాలంటే ఎ పక్కన ప్లస్ పెట్టాలి. చలవీణ మధ్యమగ్రామంలో నిలిచినప్పుడు షడ్జమానికీ దించిన పంచమానికీ మధ్య ఉన్నది ఆ 40/27యే.

తెలుగులో స్వరం రాసేవారికి ఈ అవసరం ఇంకా తీరలేదు. 22 శ్రుతుల పట్టికల్లో 10/9ని త్రిశ్రుతి రిషభం అనీ, 9/8ని చతుశ్రుతి రిషభం అనీ వేరు చేస్తారు. కీర్తన పుస్తకం తెరిస్తే రెండింటికీ 'రి' ఒక్కటే. ఏ రాగంలో ఏది పలకాలో గురువు పాడి చూపించాల్సిందే. రాత అందుకు తోడైతే మేలని చలవీణ గట్టిగా కోరుకుంటుంది. అక్షరం పైనా కిందా ఉండే చుక్కలు స్థాయికి పోయాయి గానీ పక్కన చోటుంది. 1904లో ఎట్టయపురం నుంచి తెలుగులో వెలువడిన సుబ్బరామ దీక్షితుల సంగీతసంప్రదాయప్రదర్శిని, ఒక్కో గమకానికి ఒక్కో గుర్తు పెట్టి వందల కృతులను అచ్చు వేయగలిగింది. 81/80 తేడాను చూపడానికి అక్షరం పక్కన ఒక చిన్న గీత చాలు.