బ్రిటిషువాళ్ళ మౌనం, నా వాగుడు

లైబ్రేరియన్ అంటే నా లెక్కలో చాలాకాలం తాళంచెవి ఉన్న మనిషి. పుస్తకంలో తేదీ ముద్ర కొడతాడు, ఐదు కొట్టకముందే ఫ్యాన్లు ఆపుతాడు, నో డ్యూస్ కాగితం మీద సంతకం పెడతాడు. అంతకుమించి ఆయనతో మనకేం పని? నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్తాను. నోట్సు చూడకుండా కృష్ణదేవరాయల మీద గంట మాట్లాడతాను. నాలాంటివాడికి పుస్తకం ఎక్కడుందో ఇంకొకరు చూపించాలా అన్న పొగరు ఒకటి, చేతిలో ఫోను ఉందన్న ధైర్యం ఒకటి.

మాది నల్లచెరువు. పీహెచ్‌డీకి కదిరి ప్రాంతపు చెరువులు, వలసపాలన కాలం అని తీసుకున్నాను. ఉద్యోగం చేసుకుంటూ పార్ట్‌టైమ్. రిజిస్టరైన కొత్తలో యూనివర్సిటీ లైబ్రరీలో పరిశోధక విద్యార్థులకు ఒక పూట క్లాసు పెట్టారు. పాత రికార్డులు ఎలా వెతకాలి, శోధగంగలో థీసిస్‌లు ఎలా చూడాలి, ఏ పత్రికను నమ్మొచ్చు, ఇవన్నీ. చెబుతున్నది ధర్మవరం ఆయన, రిటైర్మెంటుకు దగ్గరపడిన లైబ్రేరియన్. నేను వెనక బెంచీలో కూర్చుని క్రికెట్ స్కోరు చూసుకుని, హాజరు పట్టీలో సంతకం చేసి, టీ తాగి వచ్చేశాను. ఆ పూట ఆయన చెప్పినవన్నీ తర్వాత ఒక్కొక్కటిగా నా నెత్తిన పడ్డాయి.

మొదటి పుస్తకం ఇంట్లో మంచం మీద పడుకునే సంపాదించాను. డబ్ల్యూ. ఫ్రాన్సిస్ రాసిన అనంతపురం జిల్లా గెజిటీర్, 1905 నాటిది. స్కాను ఉచితంగానే దొరుకుతుంది. బుక్కపట్నం చెరువు ఉంది, ధర్మవరం చెరువు ఉంది. పెనుకొండ, హిందూపురం, మడకశిర, కళ్యాణదుర్గం, గుత్తి, తాడిపత్రి, ఒక్కో తాలూకాకు ఒక్కో భాగం ఉంది. కదిరికి మాత్రం లేదు. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి తిరగేశాను. లేదు.

మామూలు బుర్ర అయితే, ఎనిమిది తాలూకాల గురించి ఇంత ఓపిగ్గా రాసినవాడు తొమ్మిదోదాన్ని ఎందుకు వదిలాడబ్బా అని ఒక నిమిషం ఆగేది. నాది పరిశోధక బుర్ర. ఆగకుండా సిద్ధాంతం కట్టేసింది. కదిరి సీమను ఆంగ్లేయులు ఉద్దేశపూర్వకంగా విస్మరించారు, రాయకపోవడం కూడా పాలనే, దీని పేరు వలస రికార్డుల మౌన రాజకీయం. ఈ మూడు ముక్కలు తట్టిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. సర్కారు వారి పంటల నివేదికలు తిరగేస్తే, 1910 దాటాక అనంతపురం జిల్లాలో చెరువుల కింద సాగు ఉన్నట్టుండి పెరిగినట్టు కనిపించింది. దానికీ కారణం కనిపెట్టాను. వందేమాతరం ఉద్యమం చూసి దొరలు భయపడ్డారు, రైతును మంచి చేసుకోవాలని చెరువుల వైపు తిరిగారు! మౌనం తర్వాత మేల్కొలుపు. ఒక అధ్యాయానికి ఇంతకంటే అందమైన మలుపు ఏముంటుంది? ఒక సెమినార్‌లో చదివాను. చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. ఆ శాలువా మా అమ్మ ఇప్పటికీ చలికాలంలో కప్పుకుంటుంది, కాబట్టి మొత్తం దండగ అనలేను.

ఆ ఊపులోనే దాన్ని వ్యాసంగా మార్చి ఒక అంతర్జాతీయ పత్రికకు పంపాను. పంపిన మర్నాడు ఉదయం కాఫీ తాగేలోపు అంగీకార పత్రం వచ్చింది. నిపుణులు పరిశీలించి మెచ్చుకున్నారట. నిపుణులు రాత్రంతా మేలుకుని నా కోసం చదివారన్న మాట నమ్మాను చూడండి, అదీ నా తెలివి. ఫీజు ఫోన్‌లోనే కట్టేశాను. డబ్బు గుంజుకుని ఏది పంపినా అచ్చువేసే ఇలాంటి పత్రికల జాబితా తయారుచేసి ప్రపంచాన్ని మొదట హెచ్చరించింది జెఫ్రీ బీల్ అని అమెరికాలో కొలరాడో యూనివర్సిటీ లైబ్రేరియన్. మళ్ళీ లైబ్రేరియనే! ఇది నాకు తర్వాత తెలిసింది. ముందే తెలిసేది, స్కోరు చూడకుండా ఉంటే.

థీసిస్ ముసాయిదాను సిమిలారిటీ పరీక్షకు లైబ్రరీకే ఇవ్వాలి. యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఇతరుల రాతతో పోలిక 10 శాతం వరకు పరవాలేదు. 10 నుంచి 40 అయితే ఆరు నెలల్లోపు సరిదిద్దుకుని మళ్ళీ ఇవ్వాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. నాది చాలా తక్కువ వచ్చింది. మురిసిపోయాను. ఇలాంటి మాటలు ప్రపంచంలో ఇంకెవరూ రాయలేదని యంత్రం చెప్పింది. ఎందుకు రాయలేదో చెప్పడం దాని పని కాదు.

ఆ పని లైబ్రేరియన్ చేశారు. రిపోర్టు ప్రింటు తీస్తూ, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, నా రెండో అధ్యాయంలో ఒక పేజీ దగ్గర ఆగారు.

"ఏమప్పా, కదిరి గురించి దొరలు రాయనే లేదంటివే. యాడ సూస్తివి?"

"అనంతపురం గెజిటీర్‌లో సార్. 1905."

"1905లో కదిరి యా జిల్లాలో ఉండె?"

నేను నోరు తెరిచాను. మాట రాలేదు. చరిత్ర లెక్చరర్ని!

"1910 దాకా కదిరి తాలూకా కడప జిల్లాలో ఉండె నాయనా. మీ నల్లచెరువు, తనకల్లు, తలుపుల, అన్నీ ఆ పక్కే. పెండ్లి కాకముందు కోడలి పేరు అత్తగారింటి రేషన్ కార్డులో ఎతికితే యాడ దొరుకుతాది?"

మౌన రాజకీయం అక్కడే కూలిపోయింది. నాలుగు మాటల తర్వాత మేల్కొలుపు కూడా కూలింది. 1910లో ఒక తాలూకాకు తాలూకా, దాని చెరువులతో సహా వచ్చి కలిస్తే జిల్లా సాగు పెరగక తగ్గుతుందా? దొరలు భయపడలేదు, మేలుకోలేదు. సరిహద్దు గీత మార్చారు, అంతే.

ఆయన నవ్వి వదిలేసి ఉంటే నేను సిగ్గుతో ఇంటికి వెళ్ళి పడుకునేవాణ్ణి. వదల్లేదు. కుర్చీ లాక్కోమన్నారు. అసలు ఏం తెలుసుకోవాలనుకుంటున్నావని అడగడం మొదలుపెట్టారు. ఏ కాలం, ఏ చెరువులు, కట్టినవాళ్ళ సంగతా, నీళ్ళు పారించిన లెక్కలా, మరమ్మతులా? నా టాపిక్ గురించి అన్ని ప్రశ్నలు అంతవరకు ఎవరూ అడగలేదు, నేను కూడా అడుక్కోలేదు. పాత కాగితం ఒకటి పుట్టించుకుని దాని వెనక పెన్సిల్‌తో జాబితా రాసిచ్చారు. గ్రిబుల్ రాసిన కడప జిల్లా మాన్యువల్, 1875. కదిరి అప్పుడు ఆ జిల్లా తాలూకాయే. బ్రాకెన్‌బరీ కడప గెజిటీర్ 1915లో వచ్చింది, అప్పటికి కదిరి ఇటు వచ్చేసి ఐదేళ్ళు. అంటే మా తాలూకా రెండు గెజిటీర్ల మధ్య సందులో పడింది. దాని కింద మెకంజీ కైఫీయత్తులు అని రాసి గీత గీశారు. ఊరూరి చరిత్ర, చెరువు ఎవరు తవ్వించారన్న సంగతితో సహా, మెకంజీ మనుషులు రాసుకొచ్చినవి. 1821లో ఆయన పోయాక చెదలపాలు కాకుండా బ్రౌను దొర నకళ్ళు రాయించాడు. కడపలో బ్రౌన్ బంగళా ఉన్న చోటే జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి కట్టించిన గ్రంథాలయం, ఆ కడప కైఫీయత్తులను సంపుటాలుగా అచ్చువేసింది. మద్రాసు దాకా పరుగెత్తక్కరలేదు, కదిరిలో బస్సెక్కితే చాలు. జాబితా అడుగున పోరుమామిళ్ళ శాసనం, 1369, చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు ఉంటాయని చెప్పేది, ఎపిగ్రాఫియా ఇండికా 14వ సంపుటం. ఇది నాకు తెలుసు సార్ అన్నాను. ఒక్కటైనా తెలుసనిపించుకోవాలి కదా.

రంగనాథన్ గారి మాట ఆ రోజే విన్నాను. ఆయన లెక్కల మాస్టారు. 1924లో మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్‌గా వేస్తే, పని లేక పిచ్చెక్కి, నన్ను మళ్ళీ పాఠాలకే పంపండి అని మొరపెట్టుకున్నాడట. ముందు లండన్ వెళ్ళి చూసి రమ్మన్నారు. అక్కడ ఒక అంగట్లో పిల్లల మెకానో బొమ్మలు చూసి, ముక్కలు బిగించినట్టు విషయాలను బిగించే వర్గీకరణ పట్టుకొచ్చాడు, 1933లో అచ్చువేశాడు. 1931లో రాసిన ఐదు సూత్రాల్లో పాఠకుడి కాలాన్ని కాపాడాలన్నది ఒకటి. నా కాలాన్ని కాపాడటానికి ఒక మనిషి జీతం తీసుకుని అక్కడ కూర్చుని ఉంటే, నేను దాన్ని మంచం మీద తగలేశాను.

ఇంకో ఘనకార్యం చెప్పాలి. 1984లో కరణాల ఉద్యోగాలు రద్దయ్యాక కొన్ని ఊళ్ళలో పాత దఫ్తరాలు కరణాల ఇళ్ళలోనే అటక మీద మిగిలిపోయాయి. అలాంటి ఇళ్ళకు పోయి, గుడ్డ మూటలు విప్పించి, చెరువు కాలువల లెక్కలు, మరమ్మతు పద్దులు ఫోన్‌తో ఫోటోలు తీశాను. మూట విప్పితే దుమ్ము, ఎండిన వేపాకు, కాగితం అంచుల్లో చెదలు తిన్న కిటికీలు. పెద్ద నిధి చేతికి చిక్కినట్టే అనుకున్నాను. తీరా లైబ్రేరియన్ ముందు తెరిచి చూపిస్తే, వందల కొద్దీ ఫోటోలు, ఏది ఏ ఊరిదో నాకే తెలియదు. ఫైలు పేర్లన్నీ అంకెలు. ఫోల్డర్ల పేర్లు కొత్త ఫోల్డర్, కొత్త ఫోల్డర్ రెండు, ఇంపార్టెంట్, ఇంపార్టెంట్ అసలుది.

ఆయన తల పట్టుకోలేదు. తెల్లకాగితం ముక్క తీసి చూపించారు. ప్రతి మూటకూ ముందు ఇలాంటి చీటీ మీద ఊరు, ఎవరింట్లో ఉంది, మూట నంబరు, తీసిన తేదీ రాసి దానికే మొదటి ఫోటో తీయాలి. పక్కన స్కేలు పెట్టాలి, కాగితం ఎంత పెద్దదో రేపు తెలియాలి కదా. ఇంటివాళ్ళ దగ్గర అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. తర్వాత ఎక్సెల్‌లో కాగితానికొక వరుస. జిల్లా అన్న గడి దగ్గరకొచ్చేసరికి నా వైపు చూశారు. నల్లచెరువు 1910కి ముందు కడప జిల్లా, తర్వాత అనంతపురం, 1985లో మండలాలు వచ్చాక మండలం, 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా.

"కాగితం నాటి జిల్లా ఒక గడిలో, ఇప్పటిది ఇంగో గడిలో రాయప్పా. యాభై ఏండ్లకు నీ అంత తెలివైనోడు మళ్ళీ ఒకడు వస్తాడు."

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో తెలుగు పుస్తకాలు లేవు అని కూడా ఆయన ముందు ఒకసారి అన్నాను. తెలుగులో టైప్ చేసి వెతికాను మరి. ఆ పుస్తకాల పేర్లన్నీ స్కాను చేసినవాళ్ళు ఇంగ్లీషు అక్షరాల్లో, చేతికొచ్చిన స్పెల్లింగుతో ఎక్కించారు. ఆ సైటు మూతపడ్డాక కూడా చాలా పుస్తకాలు అవే పేర్లతో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. చరిత్ర అన్న మాటకు ఎన్ని స్పెల్లింగులు ఉండొచ్చో ఆయన వేళ్ళ మీద చెప్తుంటే, నేను ఇంటికెళ్ళి రాత్రి వాటన్నిటితో వెతికాను. తెల్లారింది.

అధ్యాయం మొత్తం తిరగరాశాను. థీసిస్ అయింది. లైబ్రరీవాళ్ళే అధ్యాయానికొక ఫైలు చేసి శోధగంగలో పెట్టారు. ఆయన రిటైరయ్యారు. ఇప్పుడు నేను మా పిల్లల్ని లైబ్రరీ క్లాసుకు తోలి, నేనే వెనక నిలబడి ఫోన్లు లాక్కుంటున్నాను.

అయినా మౌన రాజకీయం చావలేదు. ఆ అంతర్జాతీయ పత్రిక సైటులో నా వ్యాసం ఇంకా అలాగే ఉంది. తీసేయమని రాస్తే, తీయడానికి వేరే ఫీజు అన్నారు. ఈ మధ్య కొత్త లైబ్రేరియన్ ఫోన్ చేసి, సార్, మిమ్మల్ని ఎవరో తమ థీసిస్‌లో ఉటంకించారు అని సంతోషంగా చెప్పింది. నన్ను ఇంతవరకు ఉటంకించినవాడు అతనొక్కడే. తెరిచి చూస్తే, కదిరి సీమపై ఆంగ్లేయుల విస్మరణ గురించి రెండు పేజీలు, కింద నా పేరు. అతని నంబరు సంపాదించి, బాబూ, అది తప్పు, 1910కి ముందు కదిరి కడపలో ఉండేది అని విషయమంతా చెప్పాను. అవతల కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత, "సార్, వచ్చే వారం నా వైవా. దయచేసి అప్పటిదాకా ఎవరితోనూ అనకండి సార్" అన్నాడు.