మొహం లేని అంగడి

ఒరే అబ్బోడా, ఆ ఫోను పక్కన పెట్టి విను. వినవని తెలుసు, అయినా చెప్తా.

మా రోజుల్లో కుక్కరు కొనడమంటే పిల్లనిచ్చే ఇల్లు చూసొచ్చినంత పని. చెనిక్కాయలు అమ్మిన దుడ్డు చేతికొచ్చినాక నేనూ మీ అవ్వా పావగడలో పాత్రల అంగడికి పోతే, ఆయన ముందు కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, మీ పక్క వాన పడిందా అని అడిగేవాడు. పావగడలో వాన సంగతి అడగడమంటే దేశాంతరం పోయిన చుట్టం సంగతి అడగడమే, అది వేరే కథ. ఆ తర్వాత గానీ అటక మీద కుక్కరు దించేవాడు కాదు. మూత తీసి, గ్యాస్కెట్టు చూపించి, వెయిటు నా చేతిలో పెట్టి, ఐఎస్ఐ గుర్తు మీద వేలుపెట్టి, "ఇది లేని సరుకు నేనియ్యను సామీ, రేపు పేలితే మీ యమ్మ వచ్చి నా అంగడి ముందర కూర్చుంటుంది" అనేవాడు. మా అమ్మ నోరు తెలిసినోడు. ఆ భయమే మాకు గ్యారంటీ కార్డు.

ఇప్పుడో? పోయిన నెల మీ చెల్లెలు ఫోనులో నొక్కితే కుక్కరు వచ్చి అరుగు మీద పడింది. డబ్బా మీద "నూరు శాతం సేఫ్, ఎన్నటికీ పేలదు" అని రాసుంది. కళ్లద్దాలు పెట్టుకుని మూడుసార్లు తిప్పి చూసినా ఐఎస్ఐ గుర్తు మాత్రం లేదు.

"ఎవురమ్మినారు పాపా?"

"సెల్లరు తాతా."

"ఏ ఊరోడు?"

"నాలుగున్నర స్టార్లున్నాయి తాతా."

మేమూ చుక్కలు చూసినోళ్లమే. చుక్కలు చూసి లేచి మడక కట్టినాం గానీ, చుక్కలు చూసి కుక్కర్లు కొనలేదు. అయినా తిరుమణి పక్క 13,000 ఎకరాల్లో సోలారు పలకలు పరిచి ఎండనే అమ్ముకునే కాలంలో మొహం లేనోడు కుక్కరమ్మితే విడ్డూరమేముంది?

చట్టం లేదనుకునేవు. 2021 ఫిబ్రవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని కుక్కరు అమ్మనే కూడదు. అయినా అమ్మినారు. 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ లెక్క తీస్తే, అట్లాంటివి అమెజాన్‌లో 2,265, ఫ్లిప్‌కార్ట్‌లో 598 తేలినాయి. సరుకు మాది కాదు, మేం మధ్యవాళ్లమే అన్నారు. సంతలో దళారి మాటా ఇదే, కాకపోతే వాడు తలగుడ్డ కింద చేయి పెట్టి చెప్తాడు. చెరొక లక్ష జరిమానా పడింది. అందులో అమెజాన్‌కు ఆ కుక్కర్ల మీద వచ్చిన ఫీజే ఆరు లక్షల పైచిలుకు! ఆరు గెలిచి ఒకటి కట్టడం మా ఊరి పేకాట రాయుళ్లకు తెలిసుంటే ఒక్కడూ పొలం అమ్ముకునేవాడు కాదు. కొన్నవాళ్లందరికీ కబురుపెట్టి, కుక్కర్లు వెనక్కి తీసుకుని, దుడ్డు తిరిగియ్యమని కూడా ఆ సంస్థ చెప్పింది. కంపెనీలు ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కినాయి.

అట్లాగని ఎన్ని కుక్కర్లో ఒక్కటి తప్పకుండా లెక్క తేలింది చూడు, అది నాకు మింగుడుపడలేదు. మా కాలంలో ఎన్ని పేలినాయో వంటింటి పైకప్పులకే ఎరుక.

నువ్వు నవ్వుతున్నావు. మీ అవ్వ నూనె సీసా సంగతి చెప్పేసిందన్నమాట. సరే, నేనే చెప్తా. మన తాలూకా బోరు నీళ్లలో ఫ్లోరైడు సంగతి అందరికీ తెలిసిందే, నా మోకాళ్లకు ఇంకా బాగా తెలుసు. ఒక శ్రావణ శనివారం శనిమహాత్మ గుడి కాడ ఒకడు మైకు పెట్టి, మూడు వారాలు రుద్దితే ముసలోడు కూడా నిడగల్లు కొండెక్కుతాడని అరిచినాడు. మాయమందుల ప్రకటనల మీద 1954లోనే చట్టమొచ్చింది, అది వాడికీ తెలీదు, నాకూ తెలీదు. రెండు సీసాలు కొన్నా. రెండో వారానికే మోకాళ్లు పొక్కులు పొక్కి, శనేశ్వరుడి ప్రసాదమే అనుకోవాల్సి వచ్చింది. మూడో శనివారం పోతే వాడు లేడు. వాడికి మొహముండింది, అది నిజమే. మళ్లీ కనపడలేదు, అంతే.

మీ చెల్లెలు మాత్రం కుక్కరు పొయ్యెక్కించలేదు. అరుగు మీద కూర్చునే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను కొట్టి ఫిర్యాదు రాయించింది. పదకొండో దినానికి దుడ్డు ఖాతాలో పడింది.

నా నూనె సీసాల దుడ్డు ఇంకా రావాల్సే ఉంది.