అయిదు గ్యాలన్ల గైడు

బాయిలర్ ఆపరేషన్ ఇంజినీర్ పరీక్ష, అందరి నోటా బీఓఈ, ఇంజినీరు చేతిలో పట్టా ఉన్నా సరే మళ్లీ చదువుకుని రమ్మని చట్టమే వెనక్కి పంపే అరుదైన పరీక్షల్లో ఒకటి. మన దేశంలో చాలామంది ఇంజినీర్లకు కాలేజీ ఇచ్చిన కాగితమే పదవీవిరమణ దాకా సరిపోతుంది గాని, తాపన తలం, అనగా ఒకవైపు మంట వేడీ మరొకవైపు నీరూ తగిలే లోహపు వైశాల్యం, 1000 చదరపు మీటర్లు దాటిన బాయిలర్‌కు బాధ్యుడిగా నిలవదలచినవాడు మాత్రం రాతపరీక్షనూ, దాని వెంట వచ్చే మౌఖిక పరీక్షనూ గట్టెక్కి నైపుణ్య ధ్రువపత్రం తెచ్చుకోక తప్పదు. ఈ కట్టుదిట్టం ఊరికే రాలేదు. 1863లో కలకత్తాలో ఒక బాయిలర్ పేలి కొందరి ప్రాణాలు పోయిన మీదట 1864లో బెంగాల్ ప్రభుత్వం చట్టం చేసింది. తరవాత ఒక్కో రాష్ట్రం ఒక్కో తీరున చేసుకున్న చట్టాలన్నీ కలిసి 1923లో దేశమంతటికీ ఒకటయ్యాయి. ఆవిరి వల్ల జరిగిన నష్టం అక్కడితో తగ్గుముఖం పట్టింది. పుస్తకాల వల్ల జరిగే నష్టం మొదలైంది.

సూరత్‌లో ఆవిరికి కొదవ లేదు. ఆ నగరం నేసే పాలియెస్టర్‌కు రంగు పట్టాలంటే గుడ్డను సుమారు 130 డిగ్రీల వేడి నీటిలో, ఒత్తిడి కింద, జెట్ యంత్రంలో తిప్పాలి. ఆ వేడిని మోసుకొచ్చేది ఆవిరి కనుక పాండేసరా, సచిన్ ప్రాంతాల డైయింగ్ మిల్లులన్నిటి వెనకా ఒక పొగగొట్టం ఉంటుంది. మగ్గం వెంట తెలంగాణ నుంచి సూరత్ చేరిన పద్మశాలి కుటుంబాల్లో పుట్టి, డిప్లొమా చదివి, తాపీ నదికి ఉత్తరాన ఉన్న కోసాడ్‌లో అద్దెకు ఉంటూ, రోజూ నది దాటి మిల్లులో బాయిలర్ చూసుకుని తిరిగివచ్చే ఒక కుర్రవాడిని ఈ వ్యాసం వరకు అభ్యర్థి అందాం. చిన్న బాయిలర్లకు సరిపోయే అటెండెంట్ పరీక్ష అతడు ఎప్పుడో దాటాడు. రైల్లో సూరత్‌కు వెళ్లేటప్పుడు కోసాడ్ తరవాతి స్టేషన్ ఉత్రాణ్. ఆ ఊరు గ్యాస్ విద్యుత్కేంద్రానికి పేరు. హజీరాలోని పెద్ద కర్మాగారాలు అతడి ఆశల్లో ఇంకా పైమెట్టున ఉంటాయి. అలాంటి చోటి పెద్ద బాయిలర్లకు బీఓఈ కావాలి. ఆశ పుట్టిన మరునాడే పుస్తకాలు చేరడం మొదలవుతుంది.

మొదట చేరేది ఆవిరి పట్టిక. ఏ పీడనం దగ్గర నీరు ఎన్ని డిగ్రీలకు మరుగుతుందో, మరిగిన నీటిని ఆవిరి చేయడానికి ఇంకెంత వేడి, అనగా గుప్తోష్ణం, పోయాలో వరుసలు వరుసలుగా అచ్చువేసిన పలుచని పుస్తకమిది, ఆర్.ఎస్. ఖుర్మీ పేరు మీద ఉన్నది తెలుగు, గుజరాతీ అన్న భేదం లేకుండా మెకానికల్ విద్యార్థులందరి సంచుల్లోనూ తిరిగింది. చేతులు మారిన ప్రతిని తెరిచి చూస్తే దాని జీవితచరిత్ర తెలిసిపోతుంది: 7 నుంచి 12 బార్ల వరకు ఉన్న పుట బొగ్గు మసితో, నూనె వేళ్లతో నల్లబడి, అంచులు నలిగి ఉంటుంది, 200 బార్ల పుటకు అచ్చాఫీసు వాసన కూడా పోదు. చిక్కేమిటంటే ఈ పుస్తకం పీడనాన్ని బార్లలో, అదీ శూన్యం నుంచి లెక్కపెట్టిన పరమ పీడనంగా చెబుతుంది. మిల్లులోని గేజీ చదరపు సెంటీమీటరుకు కిలోల్లో, చుట్టూ ఉన్న గాలి ఒత్తిడిని మినహాయించి చూపిస్తుంది. తలపండిన ఫైర్‌మ్యాన్ నోట పౌండ్లు తప్ప మరో మాట రాదు. గేజీ ముల్లు 10 మీద నిలిచిందంటే అది 9.81 బార్లు, దానికి వాతావరణ పీడనం 1.01 కలిపితే 10.82, ఆ పీడనంలో నీరు మరిగేది సుమారు 183 డిగ్రీల దగ్గర. తిన్నగా 10 ఉన్న వరుసలో వేలు పెట్టినవాడికి 179.9 దొరుకుతుంది. ఈ మూడు డిగ్రీల తేడాను బాయిలర్ పట్టించుకోదు, పేపరు దిద్దేవాడు పట్టించుకుంటాడు.

రెండవది 1950 నాటి భారతీయ బాయిలర్ నిబంధనావళి, వాడుకలో ఐబీఆర్. దీన్ని పూర్తిగా చదివినవారు ఉన్నారని అందరూ నమ్ముతారు గాని, ఎవరైనా తాము చదివామని చెబితే మాత్రం నమ్మరు. పలక ఎంత మందం ఉండాలి, సేఫ్టీ వాల్వులు ఎన్ని, నీటి మట్టం చూపే గాజు గొట్టాలు ఎన్ని, నీటితో నింపి చేసే పీడన పరీక్షలో పని పీడనానికి ఒకటిన్నర రెట్లు ఎలా ఎక్కించాలి వంటివన్నీ ఇందులోనే ఉన్నాయి. పాత సూత్రాల్లో పలక మందాన్ని అంగుళంలో 32వ వంతులుగా కొలిచేవారు. ఆ తరవాత సవరణ మీద సవరణ వచ్చింది. సవరణ చీటీలను పుటల మీద అంటించుకునే పాత అలవాటు వల్ల కొన్ని ప్రతులు కొన్ననాటి కంటే రెట్టింపు లావెక్కి, మూసినా మూతపడని స్థితికి చేరాయి. అయినా నిబంధనావళిని నిందించడం అన్యాయం. అది తప్పు చెప్పదు. ఏ సంవత్సరంలో నిలబడి అడిగారో ఆ సంవత్సరపు నిజం చెబుతుంది.

ఇందుకు ఉదాహరణగా అసలు బాయిలర్ అంటే ఏమిటన్న తొలి ప్రశ్న చాలు. 1923 చట్టం పుట్టినప్పుడు అయిదు గ్యాలన్లకు మించి పట్టే పాత్ర అయితేనే అది బాయిలర్; దేశం మెట్రిక్ కొలతల్లోకి వచ్చాక ఆ గ్యాలన్లే 22.75 లీటర్లయ్యాయి, 2007 సవరణ దాన్ని 25కు గుండ్రం చేసింది. మూడవ ఆధారమైన గైడులో, అనగా పాత ప్రశ్నలకు జవాబులు కూర్చి అమ్మే పుస్తకంలో, ఈ మూడూ సుఖంగా సహజీవనం చేస్తాయి: మొదటి అధ్యాయంలో గ్యాలన్లు, మధ్యలో 22.75, చివరి మాదిరి పేపరులో 25. అది జిరాక్సుకు జిరాక్సు అయితే దశాంశ బిందువు రాలిపోయి 2275 కూడా తోడవుతుంది. ఇంట్లోని అయిదు లీటర్ల కుక్కర్ ఏ కాలంలోనూ చట్టానికి చిక్కలేదు. పరిమాణం అటుంచి, దాని ఆవిరి లోపలి పప్పుకే ఖర్చవుతుంది తప్ప, చట్టం అడిగినట్టు బయటి అవసరానికి పనికిరాదు. లేకుంటే ప్రతి వంటింటి గోడకూ బాయిలర్ వాడుకకు ఇన్‌స్పెక్టర్ ఇచ్చే ఫారం 6 పటం కట్టి వేలాడేది.

ఇంతలో 2025లో కొత్త బాయిలర్ల చట్టం వచ్చి 1923 నాటిదాన్ని ఇంటికి పంపింది. ప్రమాదం జరిగితే 24 గంటల్లో ఇన్‌స్పెక్టర్‌కు తెలపాలన్నది 18వ సెక్షన్ అని తిరుపతి మెట్లెక్కుతూ కూడా వల్లించినవారికి, సెక్షన్లన్నీ ఆరు అధ్యాయాల్లోకి సర్దుకున్నాయన్న వార్త సొంత ఇంటి నంబరు మార్చినంత పని చేసింది. గైడు ప్రచురించేవారు మాత్రం తొణకలేదు; అట్ట మీద సంవత్సరం మార్చారు.

అమెరికాలోని తెలుగు ఇంజినీర్లు రాసే పీఈ, అనగా ప్రొఫెషనల్ ఇంజినీర్, లైసెన్సు పరీక్ష ఒకప్పుడు ఈ బాధలకు నేరుగా వ్యతిరేకం. అక్కడ పుస్తకాలు పరీక్ష గదిలోకే తీసుకెళ్లనిచ్చేవారు, విడి కాగితాలు కాక బైండు చేసినవైతే చాలు. కనుక చక్రాల పెట్టెల్లో గ్రంథాలయాన్ని లాక్కుంటూ, రంగురంగుల చీటీలు అంటించిన పుటలతో ఎనిమిది గంటల యుద్ధానికి దిగేవారు. సివిల్ విభాగంలో ఆ వైభవం 2022 నాటికి ముగిసింది. ఇప్పుడు కంప్యూటర్ తెర మీద పరీక్షవారు ఇచ్చే చేతిపుస్తకం, ప్రమాణ గ్రంథాలు మాత్రమే కనిపిస్తాయి, వెతుక్కోవాలి. పెట్టె బరువు తగ్గిందని సంతోషించినవారికంటే చీటీల శ్రమ వృథా అయిందని వగచినవారే ఎక్కువ అయి ఉంటారు.

బీఓఈ మౌఖిక పరీక్షలో ఏ పుస్తకమూ తోడు రాదు. గాజు గొట్టంలో నీరు కనిపించకపోతే ఏం చేస్తావని అడిగితే, వెంటనే నీళ్లు పోస్తానన్నవాడు ఎన్ని పట్టికలు కంఠతా పట్టినా అక్కడితో సరి. కాగిన లోహం మీద చల్లని నీరు పడితే ఏమవుతుందో కలకత్తా చెప్పకపోయినా ఊహించవచ్చు. మంట ఆపాలన్న జవాబు గైడులోనూ ఉంది, నిబంధనలు పలికే భాషలోనూ ఉంది, మసిబట్టిన ఫైర్‌మ్యాన్ తిట్లలోనూ ఉంది; అభ్యర్థికి సాధారణంగా మూడవ చోటు నుంచే గుర్తొస్తుంది.

ధ్రువపత్రం వచ్చిన వారానికి పుస్తకాల సంచి సగం ధరకు అదే వీధిలోని మరొక తెలుగు కుర్రవాడికి చేరుతుంది. కొత్తవాడు గైడు తిరగేసి, గ్యాలన్ల దగ్గర ఆగి, "అన్నా, దీంట్ల పాతయి ఏవి, కొత్తయి ఏవి?" అని అడుగుతాడు. "రెండూ చదువు తమ్మీ," అంటాడు ఇంజినీరు, "అడిగే సారు ఏ సాల్ల చదివిండో మనకెట్ల ఎరుక?"