షెడ్డున్నవాడిదే వారసత్వం

ఆదివారం పొద్దున హైదరాబాదు నెక్లెస్ రోడ్డు మీద పాత కార్ల ర్యాలీ ఎప్పుడైనా చూశారా? చూసే ఉంటారు. చూడలేదంటే అదే పొద్దున పక్క రోడ్డులో ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉంటారు. రెండింటిలో ఒకటి తప్పదు.

షామియానా. ఎర్ర తివాచీ. తెల్లదొరల నాటి టోపీలు పెట్టుకున్న పెద్దమనుషులు. మోరిస్ మైనర్లు, ఫియట్లు, స్టాండర్డ్ హెరాల్డులు, నడుమ ఠీవిగా ఒక బ్యూక్. జెండా ఊపడానికి మంత్రిగారు రావాలి. ఏడింటికని కార్డు మీద అచ్చు. తొమ్మిదిన్నరకు దిగబడతారు. ఈలోగా తాతల వయసు కార్లన్నీ ఒక్క హ్యాండిల్ దెబ్బకే లేచి, బుద్ధిగా గుడగుడలాడుతూ వరసలో నిలబడతాయి. స్టార్టు కానిది ప్రభుత్వం ఒక్కటే.

మంత్రిగారు మైకు అందుకుంటారు. వారసత్వ సంపదను కాపాడుకోవాలంటారు. రాబోయే తరాలకు అందించాలంటారు. చప్పట్లు. టాపు లేని కారెక్కి వంద గజాలు ఊరేగుతారు. ఫొటో అయ్యాక దిగి, తన కాన్వాయ్ ఎక్కి మాయం. ఆ కాన్వాయ్‌లో పదేళ్లు దాటిన బండి ఒక్కటి ఉంటే ఒట్టు.

ఎవరి వారసత్వం మంత్రిగారూ? ఏ తరాలకు?

సర్కారు వారి పంచాంగంలో బండికి పదిహేనేళ్లు నిండితే ముసలిది. రిజిస్ట్రేషన్ గడువు తీరుతుంది. గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. ఆర్టీఏ ఆఫీసు ముందు నిలబడాలి. గేటు బయట గొడుగు కింద కూర్చున్న ఏజెంటును ప్రసన్నం చేసుకోవాలి. 2022 ఏప్రిల్‌లో కారు రీ-రిజిస్ట్రేషన్ ఫీజు 600 నుంచి ఒక్క దూకున 5,000కు ఎక్కింది. అది చాలలేదు కాబోలు, 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కారుకు 10,000 చేశారు. మోటార్‌సైకిలుకు 2,000. కడితే దక్కేది అయిదేళ్లు. ఎందుకింత కక్ష అంటే, పాత బండ్లు పొగ వదులుతాయి, గాలి చెడుతుంది, జనం దగ్గుతారు అంటారు. ఒప్పుకుందాం. దగ్గే జనంలో మనమూ ఉన్నాం కదా.

మరి యాభై దాటితే ఏమవుతుంది? పొగ ఆగిపోతుందా? ఆగదు. అత్తరు వాసన వస్తుంది!

2021 జులైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనల్లో కొత్త వరం చేర్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, అసలు రూపు చెడకుండా ఉన్న బండి 'వింటేజ్'. నంబరు ప్లేటు మీద 'వీఏ' అన్న బిరుదు. తొలి రిజిస్ట్రేషన్‌కు 20,000, పదేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత పొడిగింపుకు 5,000, ఇంకో అయిదేళ్లు. తుక్కు విధానం దాని జోలికి రాదు.

ఆ అంకెలు మళ్లీ ఒకసారి చదవండి. అయిదేళ్ల పొడిగింపుకు రోల్స్‌రాయిస్ అయ్యగారు కట్టేది అయిదు వేలు. రిటైరైన గుమాస్తా ఇరవై ఏళ్లు దాటిన తన మారుతి 800కి కట్టేది పదివేలు. కళ్లు నులుముకోకండి. అచ్చుతప్పు కాదు.

ఇప్పుడు చిన్న కూడిక, తీసివేత. పదిహేనేళ్లకు తుక్కు. యాభై ఏళ్లకు వారసత్వం. నడుమ ముప్పై అయిదేళ్లు. ఆ ముప్పై అయిదేళ్లు బండిని ఎక్కడ దాచాలి? జూబ్లీహిల్స్ బంగళా అయితే చింత లేదు. వెనకాల షెడ్డు ఉంటుంది, షెడ్డులో గుడ్డ కప్పుకుని బండి ఉంటుంది, గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు. బండి తిరగనక్కర్లేదు, పడుకుంటే చాలు. పడుకుని పడుకుని యాభయ్యో ఏట సంపదగా లేస్తుంది. మరి చింతల్‌బస్తీ సందులో గుమ్మం ముందు స్కూటరు ఆపితేనే పక్కింటాయన గొడవకొస్తాడే, ఆ స్కూటరువాడి వారసత్వం ఎక్కడ పడుకోవాలి? అంతేనండీ. వారసత్వం బండిలో లేదు. షెడ్డులో ఉంది.

నమ్మరా? ప్రీమియర్ పద్మినినే తీసుకోండి. బొంబాయి వీధుల్లో నలుపు, పసుపు రంగుల్లో దశాబ్దాల పాటు చెమటోడ్చింది. ఇరవై ఏళ్ల పరిమితి ముగిసిందని 2023 అక్టోబరులో ఆఖరి పద్మిని టాక్సీని రోడ్డు దింపేశారు. అదే పద్మిని, అదే స్టీరింగు పక్కన గేరు, అదే కార్బురేటరు. మీగడ రంగు వేసుకుని పాత కార్ల క్లబ్బు వారి తివాచీ మీద నిలబడితే కప్పు! సంసారాలు మోసినదానికి తుక్కు, సోకు చేసుకున్నదానికి కప్పు. ఢిల్లీలో అయితే డీజిల్‌కు పదేళ్లు, పెట్రోల్‌కు పదిహేనేళ్లు అని గడువు పెట్టారు. 2025 జులై 1న బంకుల్లో కెమెరాలు పెట్టి మరీ పాత బండ్లకు పెట్రోలు ఆపారు. జనం భగ్గుమన్నారు. రెండు మూడు రోజుల్లోనే సర్కారు తోక ముడిచింది.

సరే, సర్కారు సంగతి తెలిసిందే. క్లబ్బుల సంగతి చూద్దాం. అక్కడ స్నేహం ఉందట. సాహసం ఉందట. అన్నదమ్ముల బంధం ఉందట.

స్నేహం అంటే ఏమిటి? నెలకో ఆదివారం చేవెళ్ల రోడ్డు మీదకు టిఫిను యాత్ర. మర్రిచెట్ల కింద కార్లు వరసగా ఆపి, బానెట్ మీద మోచెయ్యి ఆనించి ఫొటోలు. తొమ్మిది వందల పైచిలుకు మర్రిచెట్లున్న రోడ్డది. రోడ్డు విస్తరణ పేరుతో వాటి మీదకు గొడ్డలి లేచింది. కేసు హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఎండలో ప్లకార్డులు పట్టుకుని చెట్ల కింద నిలబడిన మామూలు మనుషులున్నారు. మన టోపీ బాబులు ఏమన్నారు? నీడ బాగుంది, ఇంకో ఫొటో తియ్యి అన్నారు.

సాహసం అంటే ఏమిటి? అప్పా జంక్షన్ దాటాక బండి ఆగిపోవడం. మార్చి ఎండకే పెట్రోలు పైపులో ఆవిరి కట్టి ఇంజిన్ ఊపిరి బిగబడుతుంది. అన్నదమ్ములందరూ దిగుతారు. చుట్టూ చేరతారు. తలా ఒక సలహా ఇస్తారు. ఒకాయన పాయింట్లంటాడు. ఒకాయన ప్లగ్గంటాడు. ఇంకొకాయన ఇంగ్లండులో తన మిత్రుడికి వాట్సాప్ పెడతాడు. చేతికి మసి మాత్రం ఎవరికీ అంటదు. ఎందుకంటే వెనకాల పాత బైకు మీద టూల్ కిట్టు తగిలించుకుని మెకానిక్ వస్తున్నాడు. తడి గుడ్డ తెచ్చి ఫ్యూయల్ పంపు మీద వేస్తాడు. రెండు నిమిషాలు ఆగుతాడు. 'అబ్ మారో సాబ్' అంటాడు. బండి లేస్తుంది. సాహసం ముగిసింది. సాయంత్రానికి వీడియో బయటికొస్తుంది. అందులో మెకానిక్ మోచెయ్యి దాకా కనబడతాడు.

ఇక్కడ కాస్త ఆగుతాను. కార్ల మీద నాకు పగ లేదు. పాత ఫియట్ డోరు మూసినప్పుడు వచ్చే చప్పుడు నాకూ ఇష్టమే. కానీ ఆ డోరు అట్లా మూసుకునేలా చేసింది ఎవరు? పుట్లిబౌలిలో, రాణిగంజ్‌లో దుకాణం దుకాణం తిరిగి, దొరకని సామాను లేతు మీద తిప్పించి తెచ్చింది ఎవరు? తుప్పు పట్టి జల్లెడైన రేకును గీకి, సుత్తితో వంపు తీసి, లాంబీ పూసి, ఎమెరీ కాగితంతో వారాల తరబడి రుద్దింది ఎవరు? ఊపిరితిత్తుల నిండా రంగు పీల్చింది ఎవరు? బహుమతుల వేదిక మీద 'అత్యుత్తమ పునరుద్ధరణ' అని పిలిచినప్పుడు మాత్రం పైకెక్కేది ఓనరు. పునరుద్ధరించింది ఆయనేనట! చెక్కు మీద సంతకం తప్ప ఆయన ఏ రేకు వంపు తీశాడు? మెకానిక్ ఏడీ? పార్కింగులో ఉన్నాడు. తివాచీ మీదకు రావడానికి వాడి మెడలో బ్యాడ్జీ లేదు.

నిబంధన ప్రకారం వీఏ బండి రోజూ తిరగకూడదు. వ్యాపారానికి అసలే వాడకూడదు. ర్యాలీ, ప్రదర్శన, పెట్రోలు, మరమ్మతు, పరిశోధన, అంతవరకే. మరి పెళ్లి బరాత్‌లో పూలు కప్పుకుని కనబడే ఆ పొడుగు కారు ఏం పరిశోధిస్తోంది? అడిగి చూడండి. కిరాయి కాదండీ, అభిమానం అంటారు. అభిమానానికి అడ్వాన్సు ముందే పంపాలి. డ్రైవరు బత్తా వేరు.

'అసలు రూపు చెడకుండా' అనేది మరో జోకు. బానెట్ ఎత్తితే లోపల జపాను ఇంజిన్. డాష్‌బోర్డు కింద ఏసీ. పైన మాత్రం 1950ల చిలకపచ్చ రంగు. ఇది వారసత్వమైతే పట్టుపంచె కట్టిన రోబో కూడా పురోహితుడే.

పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్ కలపడం మీద ఈ క్లబ్బుల్లో గగ్గోలు వినాలి మీరు. రబ్బరు గొట్టాలు పాడవుతున్నాయని, గాస్కెట్లు ఉబ్బుతున్నాయని. నిజమే, పాత బండ్లకు ఆ ఇంధనం పడదు. కానీ వాళ్లకు దారుంది. ఒకటిన్నర రెట్ల ధర పెట్టి వంద ఆక్టేన్ పెట్రోలు పోయించుకుంటారు. పాల క్యాన్లు కట్టుకుని తిరిగే 2001 చేతక్ స్కూటరుకు ఏం దారుంది? దానికీ రబ్బరు గొట్టమే కదా ఉంది? దాని తరఫున ఏ క్లబ్బు వినతిపత్రం ఇచ్చింది?

అసలు వారసత్వం మీద అంత ప్రేమే ఉంటే కార్లు దిగి కాస్త ఊరు చూడండి. నగరంలో వారసత్వ కట్టడాలకు రక్షణగా ఉన్న రెగ్యులేషన్ 13ను 2015లో ఎత్తేసినప్పుడు ఎన్ని హారన్లు మోగాయి? ఎర్రమంజిల్ కూల్చి అసెంబ్లీ కడతామన్నప్పుడు 2019లో హైకోర్టు అడ్డుపడింది, టోపీలు కాదు. 2020 జులైలో ఉస్మానియా ఆసుపత్రి వార్డుల్లోకి మురుగునీళ్లు వచ్చి, రోగులు మంచాల మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంటే, ఆ పాత భవనానికి తాళం వేశారు. ఆ భవనం గేటు ముందు ఫొటో దిగిన పాత కార్లెన్ని! లోపల తడిసిన మంచాలెన్ని! క్లబ్బుల్లో బిల్డర్లకు కొదవ లేదు. శనివారం పాత హవేలీ కూలుస్తారు. ఆదివారం పాత బ్యూక్ తుడుస్తారు.

వీళ్ల ఇలవేల్పు ఎవరో తెలుసా? చౌమహల్లా ప్యాలెస్‌లో నిలబెట్టిన పసుపుపచ్చ రోల్స్‌రాయిస్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చాడు. కారు చేతికి రాకుండానే 1911లో కన్నుమూశాడు. ఆ తర్వాత కూడా అది తిరిగింది తక్కువ, నిలబడింది ఎక్కువ. అందుకే అందరూ దండం పెడతారు. అదే నిజాముల రాజ్యంలో 1932లో 27 బస్సులతో జనం కోసం రోడ్డు రవాణా మొదలైంది. ఆల్బియన్ బస్సులు. మన ఆర్టీసీ పుట్టుక అదే. నంబరు ప్లేటు మీద జెడ్ అక్షరం ఏడో నిజాం తల్లి పేరు మీద వచ్చిందంటారు. జనాన్ని మోసిన ఆ బస్సు వారసులు ఇప్పుడెలా ఉన్నారు? సీటు చిరిగి, అద్దం దడదడలాడి, ఫుట్‌బోర్డు మీద పిల్లలు వేలాడుతూ. వాటికి టైర్లు కావాలంటే నష్టాల లెక్క చెబుతారు. రాజుగారి నిలబడ్డ కారుకు మాత్రం మ్యూజియం.

ఆఖరుగా ఆ వింటేజ్ నిబంధనలోనే ఉన్న అసలు ముల్లు. సరదాగా చదువుతుంటే గుచ్చుకుంది. వింటేజ్ హోదా ద్విచక్ర వాహనాలకు, సొంతానికి వాడే నాలుగు చక్రాల కార్లకు మాత్రమేనట. లారీకి లేదు. బస్సుకు లేదు. అంటే ఆ 1932 ఆల్బియన్ కూడా ఈ చట్టం కళ్లకు వింటేజ్ కాదు. ఆటోకూ లేదు! హైదరాబాదును రాత్రీ పగలూ మోసిన ఆటో యాభై కాదు, నూరేళ్లు తిరిగినా తుక్కే. మూడు చక్రాలకు చరిత్ర ఉండదన్నమాట.

మంత్రిగారూ, వచ్చే ర్యాలీకి మా వీధి ఆటోలు కూడా బయల్దేరుతున్నాయి. నాలుగో చక్రం మేమే కొనుక్కుని బిగించుకుంటాం. దాని మీద జీఎస్టీ ఎంతో చెప్పండి చాలు.