అల్లుడి పికప్, అత్తగారి బరువు

మలంచాలో మా ఇంటి గడప తొక్కిన వాళ్లెవరికీ నా సర్వీసు కథ తప్పదు. నిమ్‌పురా యార్డు నుంచి గూడ్సు బండి మీద గార్డుగా వెళ్లిన మనిషిని. బాక్స్ఎన్ వ్యాగన్ ఖాళీగా 22.47 టన్నులు, నిండితే 81.28. అలాంటివి 58 తగిలిస్తే 4700 టన్నులు దాటుతుంది. "అంత బరువు నా చేతుల మీదుగా నడిచింది" అని నేను ముగించేలోపే వంటింట్లోంచి సవరణ వస్తుంది: "నడిపినోడు ఇంజన్లో ఉన్నాడు. ఈయన ఆఖరి డబ్బాలో కూకుని జెండా ఊపేవోరు." 2022లో గార్డులందరినీ రైలు మేనేజర్లని పిలవమన్నప్పటికి నేను రిటైరైపోయాను. అయినా ఇంట్లో ఆ పోస్టు ఎప్పుడో భర్తీ అయిపోయింది.

ఇలాంటివాడికి టెక్సాస్ నుంచి అల్లుడు ఫోన్ చేసి బండి సంగతి ఎత్తాడు. నన్నేమీ అడగలేదు, కబురు చెప్పాడంతే. "మీరొచ్చాక పికప్ వెనక ట్రావెల్ ట్రైలర్ తగిలించి అందరం గ్రాండ్ క్యాన్యన్ వెళ్దాం మామయ్యా. మా పికప్ 11,000 పౌండ్లు లాగుతుంది. ట్రైలర్ నిండా నింపినా 7,500. బేఫికర్!"

ట్రావెల్ ట్రైలర్ అంటే చక్రాల మీద ఇల్లు. మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, బాత్రూమ్, నీళ్ల ట్యాంకు, అన్నీ అందులోనే. ఇంజను మాత్రం ఉండదు. అంటే లోడు. లోడు అన్నాక నేను ఊరుకుంటానా? పాత డైరీ తీశాను, కళ్లజోడు తుడిచాను. ఇంట్లో 29 కిలోల గ్యాసు సిలిండరు వంటింటి గడప దాటాలంటే డెలివరీ కుర్రాడి చేతిలో పది రూపాయలు పెట్టే మనిషిని, టెక్సాస్‌లో బండి ఎంత లాగాలో మలంచాలో కూర్చుని తేల్చేద్దామని బయల్దేరాను.

మొదట బ్రేకులు అడిగాను. లాగడం ఏ ఇంజనైనా లాగుతుంది బాబూ, ఆపేదెవరు? అమెరికాలో చాలా రాష్ట్రాల్లో 3,000 పౌండ్లు దాటిన ట్రైలర్‌కు సొంత బ్రేకులు తప్పనిసరట. ట్రైలర్ ఊడిపోతే ఒక సన్నటి కేబుల్ బిగుసుకుని, చిన్న పిన్ను బయటికొచ్చి, బ్యాటరీ కరెంటుతో దాని బ్రేకులు అవే పడిపోతాయట. ఇది విని నాకు కళ్లు చెమర్చాయి. మా గూడ్సు బండి మధ్యలో తెగినా అంతే కదా, పైపులో గాలి పోతుంది, రెండు ముక్కలకూ బ్రేకులు పడతాయి. అల్లుడి మీద గౌరవం పెరిగింది. ఆ తర్వాత అడిగిన ప్రశ్నతో అతనికి నా మీద ఉన్నది తగ్గిందనుకుంటాను.

"డ్రైవరు తలుపు తీస్తే చట్రం మీద పసుపూ తెలుపూ స్టిక్కరుంటుంది. దాని ఫొటో పంపు."

పంపాడు. మనుషులూ సామాన్లూ కలిపి 1,500 పౌండ్లు మించరాదని ఉంది. అంటే 680 కిలోలు. నేను రెండుసార్లు చదివాను. మేం రైల్వే క్వార్టర్ ఖాళీ చేసి సొంతింటికి వచ్చినప్పుడు బీరువా, రుబ్బురోలు, మంచాలు, మా ఆవిడ తులసికోట అన్నీ మోసుకొచ్చిన ఛోటా హాథీ మోత 750 కిలోలు. అంత పెద్ద అమెరికా పికప్ దానికన్నా తక్కువ మోస్తుందా! (మన ఛోటా హాథీ మీద ఆ రోజు నిజంగా ఎంత ఎక్కించామో ఇప్పుడు తవ్వొద్దు.)

ఇక్కడే అసలు కిటుకుంది. 11,000 పౌండ్లన్నది లాగే బరువు, 680 కిలోలన్నది మోసే బరువు. ట్రైలర్ అంతా దాని చక్రాల మీదే నిలబడదు. దాని ముందు కొస పికప్ వెనక భాగం మీద కూర్చుంటుంది. దాన్ని వాళ్లు టంగ్ వెయిట్ అంటారు. ట్రైలర్ బరువులో అది 10 నుంచి 15 శాతం ఉండాలి. పదికి తగ్గితే, అంటే సామానంతా వెనక్కి చేరితే, హైవే మీద ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. ఆ ఊపు పికప్‌నే తిప్పేయగలదు. అలాగని పెంచుకుంటూ పోతే, పెరిగిన ప్రతి కిలో స్టిక్కరు మీదున్న 680లోంచే పోతుంది.

మరి కంపెనీ వాళ్లు 11,000 ఎలా వేశారంటే, దానికో ప్రమాణం ఉంది: ఎస్‌ఏఈ జె2807. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర 18 కిలోమీటర్లకు పైగా సాగే ఎక్కుడు ఒకటుంది. ట్రైలర్ తగిలించిన బండి మండుటెండలోనూ ఏసీ వేసుకుని ఆ ఎక్కుడు ఎక్కాలన్నది ఆ ప్రమాణం పెట్టే పరీక్ష. పరీక్ష గట్టిదే. కానీ బండిలో ఉన్నారని వాళ్లు లెక్కేసేది ఇద్దర్నే, తలా 150 పౌండ్లు, అంటే 68 కిలోలు. పిల్లలు లేరు, ఆవకాయ జాడీ లేదు, అత్తగారు లేరు.

డైరీలో లెక్క రాశాను. నిండిన ట్రైలర్ 3,400 కిలోలు. 13 శాతం చొప్పున టంగ్ వెయిట్ 442. తగిలించే ఇనుప సరంజామా 40. 680లో అవి పోతే మిగిలింది 198. అల్లుడు 82, అమ్మాయి చెప్పిన ప్రకారం 58, మనవలిద్దరూ కలిపి 50. మొత్తం 190.

మిగిలింది 8 కిలోలు.

4700 టన్నుల వెనక ప్రయాణించిన వాణ్ని 8 కిలోల దగ్గర ఆగిపోయాను. నేనూ మా ఆవిడా ఇంకా బండి ఎక్కనేలేదు. పరువు కాపాడుకోవడానికి ఒక ఉపాయం చెప్పాను: "నేను వెనక ట్రైలర్లో కూర్చుంటాను బాబూ. సర్వీసంతా అలాగే వెళ్లాను." అల్లుడు నవ్వు ఆపుకుంటూ, కదిలే ట్రైలర్లో మనుషులుండటం చాలా రాష్ట్రాల్లో నిషేధమన్నాడు. పక్కనుంచి అమ్మాయి, "నాన్నా, ఎర్ర లైటు కూడా తగిలించుకుంటావా?" అంది. పోలిక ఎక్కడిదో తెలిసిపోయింది.

తర్వాత చేసిన పనే చెప్పుకోవడానికి కష్టంగా ఉంది. లెక్క పూర్తి కావాలంటే మా ఆవిడ బరువు కావాలి. నాది 72, దాచేదేం లేదు. ఆవిణ్ని అడిగితే, "పెళ్లినాడు ఎంతో ఇప్పుడూ అంతే" అంది. పెళ్లినాడు ఎంతో నాకెలా తెలుస్తుంది, ఆ రోజు కాటా పెట్టలేదు కదా. స్టేషన్ ప్లాట్‌ఫాం మీద కాలక్షేపానికి బరువు చూసుకుందామా అన్నాను. "1072 మీటర్ల ప్లాట్‌ఫాం నడిపిస్తే ఆ బరువూ ఉండదు, పదండి" అంది. ఆఖరికి బీపీ మందుల చీటీ మీద డాక్టరు రాసి ఉంటాడని గుర్తొచ్చి, ఆవిడ గోల్‌బజార్ వెళ్లిన సమయం చూసి సంచీ వెతికాను. చీటీ దొరికింది. డైరీలో ఎక్కించాను. ఆ డైరీని టేబులు మీదే వదిలేశాను.

సాయంత్రం టీ రాలేదు.

"నన్ను టేరులో రాసారా, లోడులో రాసారా?" అని మాత్రం అడిగింది. గార్డు పెళ్లానికి టేరు అంటే ఖాళీ బండి బరువని తెలియకుండా ఉంటుందా! నేను నోరెత్తలేదు.

మర్నాడు అల్లుడికి చిన్న ట్రైలర్ చూడమని చెప్పాను. నిండితే 2,300 కిలోలు దాటనిది. టంగ్ వెయిట్ 300, ఇనుము 40, వాళ్ల నలుగురూ 190, నేను 72. మిగిలింది 78. ముందు వరుసలో బెంచీ సీటున్న పికప్ కాబట్టి ఆరుగురం పడతాం. మా ఆవిడ బరువు ఇక్కడ రాసే ధైర్యం నాకు లేదు, పచ్చడి జాడీకి చోటు మిగిలిందని మాత్రం చెప్పగలను. నీళ్ల ట్యాంకు బయల్దేరేటప్పుడు నింపొద్దని కూడా చెప్పాను. 150 లీటర్లంటే 150 కిలోలు, క్యాంపులో కుళాయి ఉంటుంది. మన హైవే పక్క ధరమ్‌కాంటాల్లాగే అక్కడ లారీలు ఆగేచోట కాటాలుంటాయి, ఇరుసు ఇరుసుకీ విడిగా చూపిస్తాయి. అందరం ఎక్కాక ఒకసారి తూయించాలని ఖరారు చేసుకున్నాం. మా ఆవిడ మాత్రం కాటా దగ్గర దిగిపోతానంటోంది.

మీ పిల్లలూ అక్కడ ట్రైలర్ కొనబోతున్నారా? కాగితాల్లో ట్రైలర్ ఖాళీ బరువు చూసి మురిసిపోవద్దనండి, అందులో నీళ్లూ సామాన్లూ ఉండవు. బేరం మొదలెట్టకముందే తలుపు చట్రం మీది స్టిక్కరు ఫొటో తెప్పించుకోండి. ఆ అంకెలోంచి ముందు మనుషుల్ని తీసేసి, మిగిలినదాన్ని బట్టి ట్రైలర్ వెతకమనండి. ఈ మాట అల్లుడికి మీరు చెప్పకండి, మీ అమ్మాయి చేత చెప్పించండి.