పెంకు చూసి పరవశం

వేంపాడు టోల్‌గేటులో పోయిన డబ్బు గురించి దారంతా సణిగే కారాయన, నక్కపల్లిలో రోడ్డు పక్కన ఎర్రగుడ్ల ట్రే కనపడితే మాత్రం బేరం ఆడడు. "నాటువేనా?" అని ఒక్క మాట అడుగుతాడు. "పక్కా నాటు సార్" అంటాడు బండివాడు. విచారణ అయిపోయింది. ఇంత తొందరగా తీర్పొచ్చే కేసు మన దేశంలో ఇంకోటి ఉండదు. తెల్లగుడ్డు కంటే రెట్టింపో ఇంకా ఎక్కువో ఇచ్చి, ట్రే ఒళ్లో పెట్టుకుని పసిబిడ్డలా మోసుకుపోతాడు. ఎర్రగుడ్డులో బలం ఉందట. మోకాళ్ల నొప్పికి మంచిదట, చంటిపిల్లలకి మంచిదట, కొత్తగా పెళ్లయినవాళ్లకి మరీ మంచిదట. తెల్లగుడ్డు మాత్రం ఒట్టి "ఫారంది".

పాపం, ఆయనకి లెక్కలు వచ్చు. బ్యాంకు వడ్డీ పైసలతో సహా చెప్పగలడు. ఈ లెక్క మాత్రం వెయ్యడు. పెరట్లో తిరిగే అసలు నాటుపెట్ట ఏడాది మొత్తానికి పెట్టేది 60, మహా అయితే 80 గుడ్లు. ఓ పన్నెండో పదిహేనో పెట్టేసి, ఇక చాలనుకుని గంపలో పొదగడానికి కూర్చుంటుంది. దగ్గరికెళ్తే పొడుస్తుంది. ఒక బండి మీద రోజుకి పది ట్రేలు, అంటే 300 గుడ్లు అమ్ముడుపోవాలంటే, ఏడాదికి అరవై చొప్పున 1,800 పైచిలుకు పెట్టలు కావాలి. అవన్నీ ఏ పెరట్లో తిరుగుతున్నాయి? ఆ పక్కనున్న ఉపమాక కొండ చుట్టూ కోళ్లు తప్ప మనుషులు లేరనుకోవాలి.

ఆ ట్రేలోకి ఓసారి వంగి చూడండి. ముప్పై గుడ్లూ ఒకే సైజు, ఒకే ముదురు రంగు, యూనిఫాం వేసుకున్న కాన్వెంటు పిల్లల్లా. నాటుపెట్టలు అలా పెట్టవు. ఒకటి బుడ్డది, ఒకటి కోలది, ఒకటి పాలిపోయినది, ఇంకోటి మీగడరంగుది. అచ్చు గుద్దినట్టున్న ఎర్రగుడ్లు కూడా షెడ్డులోంచి వచ్చినవే. ఆ షెడ్డులో కోడి ఈకలు వేరే రంగు, అంతే తేడా.

గుడ్డు తయారవడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. అందులో ఇరవై గంటలు పెంకుకే సరి. పెంకంటే నూటికి తొంభై అయిదు పాళ్లు కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి సరుకే. ఎర్రగుడ్డు పెట్టే జాతుల్లో చివరి కొన్ని గంటల్లో ప్రోటోపార్ఫిరిన్ అనే రంగుని కోడి పైన పట్టిస్తుంది. గోడ కట్టడం అయిపోయాక వేసే సున్నమన్నమాట. గుడ్డు పగలగొట్టి పెంకు లోపలి వైపు చూడండి, తెల్లగానే ఉంటుంది. వెనిగర్‌లో నానబెట్టి వేలితో రుద్దితే పైరంగు కూడా ఊడొస్తుంది. లోపల ఉన్న ఆరు గ్రాముల మాంసకృత్తులకి బయట ఏ రంగు వేశారో తెలియదు. పచ్చసొన ఎర్రగా ఉంది కదా అంటారా? అది మేత మహిమ. మొక్కజొన్న పెట్టినా, దాణాలో బంతిపూల సారం కలిపినా ఫారం కోడి కూడా నిగనిగలాడే సొన పెడుతుంది.

వంశం సంగతికొస్తే ఇంకా చోద్యం. తెల్లగుడ్డు పెట్టే లెగ్‌హార్న్ పూర్వీకులు ఇటలీలో లివోర్నో రేవు నుంచి వచ్చారు. ఫారాల ఎర్రగుడ్ల వెనకున్న పేరుమోసిన జాతి రోడ్ ఐలండ్ రెడ్, పుట్టిల్లు అమెరికా. మన "పక్కా నాటు" అమెరికా అల్లుడన్నమాట. చిలీలో అరౌకానా అనే కోడి నీలం గుడ్డు పెడుతుంది. అదెప్పుడు ఇటొస్తుందో గానీ, వచ్చిన మర్నాడే జ్ఞాపకశక్తికి దివ్యౌషధం అయి కూర్చుంటుంది. ఈకల రంగు చూసి, వారం చూసి, డేగా కాకా నెమలా అని కుక్కుటశాస్త్రం విప్పి సంక్రాంతి కోడిపందేలకి పొలం తాకట్టు పెట్టగలిగిన వాళ్లం, పెంకు రంగుకి నాలుగు రూపాయలు ఎక్కువివ్వడం పెద్ద వింతేం కాదు.

నిజానికి గుడ్డు మీద పనికొచ్చే రంగు ఒకటుంది. మన రాష్ట్రంలో బడులకీ అంగన్‌వాడీలకీ పంపే గుడ్ల మీద విడతకో రంగు ముద్ర వెయ్యడం మొదలుపెట్టారు, పాతవి కలవకుండా, బజారుకి పక్కదారి పట్టకుండా. గుడ్డు ఏ విడతదో చెప్పే రంగు అదొక్కటే. దాన్ని చూసి మాత్రం "గవర్నమెంటు గుడ్డు" అని పెదవి విరుస్తాం. ఎండలో బండి మీద ఎన్నాళ్లుగా కూర్చుందో తెలియని గుడ్డుకి ఆరోగ్యం పేరు పెడతాం. చెంబుడు నీళ్లలో వేస్తే తాజాది అడుగున పడుకుంటుంది, పాతది తేలుతుంది. మన అమ్మమ్మలకి తెలిసిన ఆ పరీక్షకి రూపాయి ఖర్చు లేదు. అందుకే కాబోలు, నమ్మకం లేదు.

దెబ్బ తగిలేది మాత్రం నిజంగా పెరట్లో కోళ్లు పెంచే ఆడమనిషికి. తట్టలో ఇరవై గుడ్లు పెట్టుకుని సంతకొస్తుంది. సగం పాలిపోయి ఉంటాయి, అసలు నాటువి గనక. "ఇవి ఫారంవి కదమ్మా, మాకు తెలీదనుకున్నావా?" అని కొనేవాళ్లు ఆవిడకే పాఠం చెబుతారు. రెండు మూడు వారాలు ఒట్టేసి చెప్పి చూస్తుంది. ఆనక ఊరుకుంటుంది. ఎర్రగా ఉన్నవి ఏరి తట్టలో వేసుకుని, తెల్లటివి ఇంట్లో పిల్లలకి ఉడకబెట్టేస్తుంది.